స్క్రీన్ మార్పించండి, ప్యానెల్ నంబరు అడిగి మరీ

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్. పురంలో ఉంటున్నాం. ఇంటి దగ్గర్నుంచే తెలుగు పాఠ్యపుస్తకాలకు, గైడ్లకు ప్రూఫ్ చూస్తుంటాను. పేజీలన్నీ పీడీఎఫ్‌లో వస్తాయి. ఆఫీసుల్లో వాడి తీసేసిన లాప్‌టాప్‌లు అమ్మే చోట థింక్‌ప్యాడ్ టీ480 కొన్నాను. ఎనిమిదో తరం ఐ5, 14 అంగుళాల స్క్రీన్, రిజల్యూషన్ 1366×768. స్పీడుకు వంక పెట్టేది లేదు, స్క్రీనుతోనే నరకం. ద ఏదో ధ ఏదో తెలియక పబ్లిషర్ దగ్గర మాట పడ్డాను. కళ్లజోడు మార్చినా సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో ఒక చోట అడిగితే "ఫుల్ హెచ్‌డీ డిస్‌ప్లే ఐదున్నర వేలు, అరగంటలో వేసిచ్చేస్తాం" అన్నారు. వేస్తే 4కే వెయ్యమని తమ్ముడు. పాతదాని మీద డబ్బు తగలెయ్యొద్దు, కొత్తది కొందాం అని మావారు. నేను పనిచేసేది హాల్లో మంచం మీద, లేకపోతే బాల్కనీలో. ఏం చెయ్యమంటారు?
ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం

సమాధానం: మార్పించండి. మీవారి మాట, తమ్ముడి మాట పక్కన పెట్టి షాపాయన మాట సగం వినండి. సగమే ఎందుకంటే, "ఫుల్ హెచ్‌డీ డిస్‌ప్లే" అని అడిగితే మీకు కావలసిన స్క్రీనే వస్తుందన్న నమ్మకం లేదు. ఆ మూడు మాటల్లోనే నాసిరకం కూడా దర్జాగా ఇమిడిపోతుంది. అది తర్వాత చెప్తాను.

ముందు మీ అనుమానం నిజమేనా అన్నది. నిజమే. 14 అంగుళాల స్క్రీన్ మీద 1366×768 అంటే అంగుళానికి దాదాపు 112 చుక్కలు. పుస్తకంలో 11 పాయింట్ల అక్షరాన్ని అచ్చులో ఉన్న సైజులోనే మీరు స్క్రీన్ మీద చూస్తే, దాని ఎత్తుకు దొరికేవి 17 చుక్కలు. ఆ పదిహేడులోనే తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ సర్దుకోవాలి. ద కింద చిన్న గీత ఉంటే ధ, ఆ గీతతో పాటు పొట్టలో చుక్క ఉంటే థ. ఆ గీతకు మీ స్క్రీన్ ఇవ్వగలిగింది ఒక చుక్క, అదీ సగం బూడిద రంగులో. "విద్యార్థి"లో వత్తు థ ఉందో ధ ఉందో అలవాటు కొద్దీ ఊహించుకుంటున్నారే తప్ప మీరు చూడటం లేదు. అలవాటుగా చదివేస్తే ప్రూఫ్ చూడటం ఎలా అవుతుంది? అదే 14 అంగుళాల్లో 1920×1080, అంటే ఫుల్ హెచ్‌డీ, ఉంటే అంగుళానికి 157 చుక్కలు, అదే అక్షరానికి 24. స్క్రీన్ మొత్తం మీద చూస్తే 10 లక్షల 49 వేల చుక్కలు కాస్తా 20 లక్షల 73 వేలవుతాయి. ఇంగ్లీషు చదువుకునేవాళ్లకు ఈ తేడా సౌకర్యం. తెలుగుకు, అందులోనూ మీ పనికి, ఇది అవసరం.

రెండో జబ్బు చుక్కలది కాదు, ప్యానెల్ జాతిది, అంటే మూతలో ఉండే అసలు తెర రకానిది. మీ టీ480లో ఈ రిజల్యూషన్‌తో వచ్చింది టీఎన్ రకం. ఒక తెల్ల పేజీ తెరిచి తల కదపకుండా చూడండి. పైభాగం ఒక తెలుపు, అడుగుభాగం ఇంకో తెలుపు కనిపిస్తుంది. మూతను ఇంకాస్త వెనక్కి వంచితే అక్షరాల నలుపు తేలిపోతుంది. మంచం మీద ఒరిగి, ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది, కదిలినప్పుడల్లా మూత సర్దుకోవాలి. ఐపీఎస్ రకంలో ఈ బాధ లేదు. ఏ పక్క నుంచి చూసినా పేజీ పేజీలాగే ఉంటుంది.

డబ్బు పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష. ఒక రోజంతా పేజీని 200 శాతానికి పెంచి పనిచేయండి. స్క్రోల్ చెయ్యలేక విసుగొస్తుంది, అయినా ఓర్చుకోండి. సాయంత్రానికి కళ్లు తేలిగ్గా ఉన్నాయంటే దోషం అక్షరం సైజుది, రిజల్యూషన్‌ది. అప్పుడు కొత్త ప్యానెల్ మీకు తప్పకుండా పనికొస్తుంది. అలా చేసినా మంట అలాగే ఉంటే రెండు విషయాలు చూడాలి. ఒకటి, స్క్రీన్ వైపే గుడ్లప్పగించి చూస్తూ రెప్ప వెయ్యడం తగ్గించేస్తాం, పైన ఫ్యాను గాలి నేరుగా మొహానికి కొడుతుంటే కళ్లు ఇంకా ఎండిపోతాయి. రెండోది, బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు కొన్ని ప్యానెళ్లు వెలుగును నిజంగా తగ్గించవు, లోపలి లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. కంటికి తెలియదు గానీ కొందరికి తలనొప్పి, కళ్లమంట వస్తాయి. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి ఫోన్ కెమెరాలో స్క్రీన్‌ను చూడండి. నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తే అదే సంగతి. ఈ పరీక్ష కొత్త ప్యానెల్‌కు కూడా షాపులోనే చెయ్యాలి.

తమ్ముడికి చెప్పండి, 14 అంగుళాల్లో 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలు) మీ పనికి దండగ. టీ480కి కంపెనీ ఇచ్చిన గరిష్ఠ రిజల్యూషన్ 2560×1440. దానికే వేరే కేబుల్, 40 పిన్నులది కావాలి. మీ దాంట్లో ఉన్నది 30 పిన్నులది. ఇంత చిన్న స్క్రీన్ మీద 4కే వేసి, అక్షరాలు కనబడటం లేదని విండోస్‌లో 200 శాతానికి పైగా పెంచుకుని కూర్చోవాలి. బ్యాటరీ ఎలాగూ తొందరగా అయిపోతుంది. కుర్రవాడి సరదా సరే, వేసుకుంటే తన లాప్‌టాప్‌కు వేసుకోమనండి.

మీవారి మాటలో న్యాయం లేకపోలేదు. పాత సరుకు మీద ఎంతవరకు ఖర్చు పెట్టాలి అన్నది అడగదగ్గ ప్రశ్నే. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసినా, మీ ఎనిమిదో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో ఉంది. మీ పని పీడీఎఫ్ చదవడం, టైపు చెయ్యడం. దానికి ఆ యంత్రం ఇంకా ఏళ్ల తరబడి చాలు. ఇంకో మాట. కొత్తది తక్కువ ధరలో చూస్తే అందులోనూ ఇలాంటి టీఎన్ స్క్రీనే తగలవచ్చు. బయట పెద్ద మానిటర్ తగిలిద్దామని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 చుక్కలే. అక్షరం పెద్దదవుతుంది గానీ పదునెక్కదు. పైగా దాన్ని మంచం మీదికి తెచ్చుకోలేరు.

ఇక అసలు సంగతి, నంబరు. లాప్‌టాప్ మీద లెనోవో అని ఉన్నా, డెల్ అని ఉన్నా, ప్యానెల్ చేసేది వాళ్లు కాదు. తైవాన్‌లో ఏయూఓ, ఇన్నోలక్స్, చైనాలో బీఓఈ, కొరియాలో ఎల్‌జీ డిస్‌ప్లే, జపాన్‌లో షార్ప్, ఇలా ఏ కొద్దిమందో చేస్తారు. అందుకే కౌంటర్ దగ్గర "ఒరిజినల్ మేడం, ఏ ప్లస్ గ్రేడ్" అన్న మాటలకు పెద్దగా అర్థం లేదు. ప్రతి ప్యానెల్ వెనక ఒక స్టిక్కర్ ఉంటుంది, దాని మీద మోడల్ నంబరు ఉంటుంది. సరుకు గుణం మొత్తం ఆ నంబరులోనే ఉంటుంది, చదవడం వస్తే షాపాయన నోటితో పని లేదు.

ఏయూఓ వాళ్ల నంబరు తీసుకుందాం. బీ140ఎక్స్‌టీఎన్ అని ఉంటే, 140 అంటే 14.0 అంగుళాలు, ఎక్స్ అంటే 1366×768, టీఎన్ అంటే మీరిప్పుడు పడుతున్న బాధే. బీ140హెచ్‌ఏఎన్ అని ఉంటే హెచ్ అంటే ఫుల్ హెచ్‌డీ, ఏఎన్ అంటే ఐపీఎస్ కోవలోది. ఈ రెండింటి మధ్యలో ఒక గడుగ్గాయి ఉంది, బీ140హెచ్‌టీఎన్. ఫుల్ హెచ్‌డీయే, కానీ టీఎన్. నేను మొదట్లో అన్న నాసిరకం ఇదే. "ఫుల్ హెచ్‌డీ ఇస్తామన్నాం, ఇచ్చాం" అంటే మీరు కాదనలేరు. చుక్కలు పెరుగుతాయి, మూత సర్దుకునే బాధ మాత్రం అలాగే ఉంటుంది. బీఓఈ వాళ్లది ఇంకా తేలిక. ఎన్‌టీతో మొదలైతే టీఎన్, ఎన్‌వీతో మొదలైతే ఐపీఎస్ కోవ. మధ్యలో డబ్ల్యూహెచ్ఎం ఉంటే 1366×768, ఎఫ్‌హెచ్ఎం ఉంటే ఫుల్ హెచ్‌డీ. అంటే మీరు వెతకాల్సింది ఎన్‌వీ140ఎఫ్‌హెచ్ఎం. ఇన్నోలక్స్‌లో ఎన్140హెచ్‌సీ అని మొదలయ్యేవి ఐపీఎస్, ఎన్140హెచ్‌జీ అని మొదలయ్యేవి ఫుల్ హెచ్‌డీయే అయినా టీఎన్. ఒక్క అక్షరమే తేడా, ద ధ లాగే. ప్రూఫ్ చూసే కళ్లకు ఇది కష్టం కాదు.

మీ లాప్‌టాప్‌లో ఇప్పుడున్నది ఎవరిదో విప్పకుండానే చూడొచ్చు. డివైస్ మేనేజర్ తెరిచి మానిటర్స్ కింద ఉన్నదాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. ఏయూఓ, బీఓఈ, సీఎంఎన్, ఎల్‌జీడీ ఇలా మూడక్షరాలు కనిపిస్తాయి. సీఎంఎన్ అంటే ఇన్నోలక్సే, పాత పేరు చీమే ఇన్నోలక్స్. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే పూర్తి మోడల్ నంబరే చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ యంత్రం కదా, ముందువాళ్లు ఏమేం మార్చారో ఎవరికి తెలుసు, అందుకని చూసుకుని వెళ్లడం మంచిది.

నంబరు సరిపోయినా ప్యానెల్ సరిపోవాలని లేదు. టీ480లో మామూలు హెచ్‌డీకి, టచ్ లేని ఫుల్ హెచ్‌డీకి రెండింటికీ 30 పిన్నుల కనెక్టరే, కాబట్టి చాలావరకు పాత కేబుల్‌తోనే పని జరిగిపోతుంది. టచ్ ఉన్న ప్యానెల్ అంటగడితే వద్దనండి, అది 40 పిన్నులది. వేరే మోడళ్లవాళ్లు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి ఒక మాట చెప్తాను. 30 పిన్నులు ఉన్నంత మాత్రాన కేబుల్‌లో తీగలన్నీ ఉన్నాయని కాదు. 1366×768కి ఒక లేన్ (బొమ్మ సమాచారం వెళ్లే తీగల జత) చాలు, ఫుల్ హెచ్‌డీకి మామూలుగా రెండు లేన్లు కావాలి. ఖర్చు తగ్గించడానికి కొన్ని మోడళ్లలో ఒక్క లేన్ తీగలే వేస్తారు. అప్పుడు కొత్త ప్యానెల్ వేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, లేదా బొమ్మ చెదిరిపోతుంది. షాపులో "ప్యానెల్ ఫాల్టీ" అని ఇంకోటి, ఇంకోటి మారుస్తూ కూర్చుంటారు. మార్చాల్సింది కేబుల్. ఎక్స్230, టీ430 లాంటి ఇంకా పాతవాటిలోనైతే ఎల్‌వీడీఎస్ అనే వేరే పద్ధతి, వాటికి ఫుల్ హెచ్‌డీ పెట్టాలంటే అదనంగా చిన్న బోర్డు కావాలి. ఆ జోలికి పోవద్దు.

ప్యానెల్ అంచులు కూడా చూడాలి. కొన్నింటికి స్క్రూలు బిగించే చెవులుంటాయి, కొన్ని చెవుల్లేకుండా జిగురు పట్టీల మీదే నిలబడతాయి. 14 అంగుళాలవే అయినా వెడల్పు ఒకదానికి దాదాపు 315 మిల్లీమీటర్లుంటే ఇంకోదానికి 320 ఉంటుంది. మీ పాత ప్యానెల్ బయటికి తీశాక రెంటినీ పక్కపక్కనే బోర్లించి చూడమనండి. చెవులు, కనెక్టర్ ఉన్న చోటు, పిన్నుల సంఖ్య ఒకేలా ఉంటేనే ముందుకెళ్లాలి. "టేపుతో సర్దేస్తాం మేడం" అన్నారంటే మూత పదేపదే తెరిచి మూసేవాళ్లకు అది ఎన్నాళ్లో నిలవదు.

వెలుగు గురించి. బాల్కనీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. వెలుగును నిట్లలో కొలుస్తారు. మామూలు ప్యానెళ్లు 250 నిట్లు ఉంటాయి, హాల్లోకి చాలు. పగటిపూట బాల్కనీలో కూర్చునేటట్లయితే 300, దొరికితే 400 నిట్లది చూడండి. 400 నిట్ల వాటిలో కరెంటు తక్కువ తాగే రకం ఉంటుంది, అది దొరికితే అదృష్టం. ఖరీదు ఎక్కువే. మెరిసే గాజు రకం వద్దు, మ్యాట్ అడగండి, లేకపోతే ట్యూబ్‌లైటు మీ పేజీలోకే దిగుతుంది. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రంగుల లెక్కలు చెప్తారు. పుస్తకాల అట్టలు డిజైన్ చేసేవాళ్లకు 72 కావాలి. నలుపు తెలుపు పేజీలు దిద్దే మీకు 45 సరిపోతుంది, ఆ డబ్బు నిట్లకు పెట్టండి.

ఎస్పీ రోడ్డుకు వెళ్లేటప్పుడు ఆదివారం వద్దు, చాలా షాపులు మూసే ఉంటాయి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. కె.ఆర్. పురంలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారితే తర్వాతి స్టేషనే చిక్కపేట, అక్కణ్నుంచి నడిచే దూరం. ఒక షాపుతో సరిపెట్టుకోకండి. "టీ480కి డిస్‌ప్లే ఉందా" అని కాదు, "14 అంగుళాలు, 30 పిన్, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, మ్యాట్, ఏ నంబరు ఉంది" అని అడగండి. ఆ ప్రశ్నతోనే అటువైపు గొంతు మారుతుంది. ప్యానెల్ బయటికి తీయించి వెనక స్టిక్కర్‌కు ఫోటో తీసుకోండి. స్టిక్కర్ చూపించడానికి నసిగేవాళ్ల దగ్గర కొనొద్దు. నంబరును ఫోన్‌లో వెతికితే నిట్లు, రకం, పిన్నులు అన్నీ అక్కడికక్కడే తెలిసిపోతాయి. మీకు చెప్పిన ఐదున్నర వేలు మంచి ఐపీఎస్ ప్యానెల్‌కా, టీఎన్‌కా అన్నది ఆ తర్వాతే తేలుతుంది. అప్పటిదాకా బేరం కూడా మొదలుపెట్టొద్దు.

విప్పే ముందు ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బ్యాటరీ. మీ టీ480కి రెండు బ్యాటరీలు, వెనక ఊడదీసేది ఒకటి, లోపల ఇంకోటి. వెనకది తీసేసి పని మొదలెడితే లోపలిది బోర్డుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. స్క్రీన్ కేబుల్‌లో వెనక లైటుకు వెళ్లే కరెంటు కూడా ఉంటుంది. కేబుల్ పెట్టేటప్పుడు కాస్త వంకరైతే బోర్డు మీద ఆ లైటు ఫ్యూజు పోతుంది. అలా పోయినప్పుడు స్క్రీన్ నల్లగా కనిపిస్తుంది గానీ టార్చ్ వేసి చూస్తే లోపల బొమ్మ మసగ్గా కదులుతుంటుంది. ఐదున్నర వేల పని బోర్డు రిపేరు దాకా వెళ్తుంది. కాబట్టి చార్జర్ తీసి, ఆన్ చేసి, లెనోవో లోగో రాగానే ఎఫ్1 నొక్కి, కాన్ఫిగ్‌లో పవర్, అందులో డిజేబుల్ బిల్ట్ ఇన్ బ్యాటరీ అన్నది నొక్కండి. యంత్రం ఆరిపోతుంది. అప్పుడు వెనక బ్యాటరీ తీయాలి. మళ్లీ చార్జర్ పెట్టగానే లోపలి బ్యాటరీ దానంతటదే పని మొదలెడుతుంది. ఈ పని షాపులో ఇచ్చే ముందు మీరే చేసి ఇవ్వండి, వాళ్ల అరగంటలో దీనికి టైమ్ ఉండకపోవచ్చు.

కొత్తది వేశాక చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేము నొక్కేయకముందే ఆన్ చేయించండి. "చెకింగ్ వారంటీ" అని ఎస్పీ రోడ్డులో ఒక మాట వినిపిస్తుంది. మీ కళ్ల ముందు వెలిగితే చాలు, గడప దాటాక మాకు సంబంధం లేదు అని దానర్థం. కాబట్టి మీ తనిఖీ మొత్తం గడప లోపలే అవ్వాలి. పైన అంటించిన పల్చటి ఫిల్ము తీసేయించి, పూర్తి తెలుపు, పూర్తి నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే స్క్రీన్ నిండా పెట్టి చూడండి. చచ్చిన చుక్కలు తెలుపులో నల్లగా, ఆరకుండా వెలిగే చుక్కలు నలుపులో దొరికిపోతాయి. నలుపు పెట్టినప్పుడు చున్నీయో సంచో కప్పి నీడ చేసి అంచులు చూడండి. ఏ మూలైనా వెలుగు కారుతున్నట్టుంటే ఫ్రేము బిగుసుకుందో, ప్యానెలే అంతో తేల్చమనండి. బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయా, మూత నెమ్మదిగా తెరిచి మూస్తుంటే బొమ్మ ఎక్కడైనా మినుకుతోందా చూడండి. కెమెరా పరీక్ష కూడా నీడలోనే చేయండి, షాపు లైట్ల వల్ల కూడా పట్టీలు కనిపిస్తాయి. ఆఖరికి మీ పెన్ డ్రైవ్‌లో ఒక నిజమైన ప్రూఫ్ పేజీ తీసుకెళ్లి తెరవండి. రంగుల పరీక్షలన్నిటికంటే మీకు ఆ పేజీ ఎక్కువ చెప్తుంది. బిల్లు మీద ప్యానెల్ నంబరు రాయించుకోండి. చెకింగ్ వారంటీ మాత్రమే ఇచ్చే షాపుకు, కొన్ని నెలలైనా రాసిచ్చే షాపుకు మధ్య మూడు నాలుగొందలు తేడా ఉంటే రెండో దానికే వెళ్లండి.

ఇంటికొచ్చాక అక్షరాలన్నీ చిన్నవైపోయాయని గాభరా పడొద్దు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 125 పెట్టి చూడండి, చాలకపోతే 150. అక్షరాలు తేటగా కనిపించేలా చేసే క్లియర్‌టైప్ సర్దుబాటు మళ్లీ ఒకసారి చేయండి, పాతది పాత ప్యానెల్‌కు చేసింది. అక్రోబాట్ వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో పేజ్ డిస్‌ప్లే కింద కస్టమ్ రిజల్యూషన్ 157 అని ఇవ్వండి. అప్పుడు 100 శాతం అంటే అచ్చయ్యే పేజీ సైజే కనిపిస్తుంది, స్కేలు పెట్టి కొలిచినా సరిపోతుంది.

పాత ప్యానెల్ "మాకిచ్చెయ్యండి" అంటారు. ధరలో ఎంతో కొంత తగ్గిస్తేనే ఇవ్వండి. లేదంటే కనీసం వారంటీ ఉన్నన్నాళ్లు ఇంట్లో ఉంచుకోండి, కొత్తదానికేమైనా అయితే ఆ పూట పని ఆగదు. బబుల్ షీటులో చుట్టించుకుని, మెట్రోలో సంచి ఒళ్లో పెట్టుకుని రండి. ఇంట్లో బీరువాలో నిలువుగా ఆనించి పెట్టండి, దాని మీద గైడ్లు పేర్చకండి.